ఆర్లిస్‌కి వారం వారం క్షవరం

డెల్ఫియా గేహార్ట్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం కాదు, బతుకు నేర్పింది. ఆమె భర్త బర్చెల్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఒకనాడు పొద్దున్నే ఎవరో "పైకప్పు బాగానే ఉంది, పదండి" అంటే నమ్మి లోపలికి వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆ పైకప్పు కింది నుంచే అతన్ని బయటికి తీశారు. అప్పటి నుంచి ఎవరు "బాగానే ఉంది" అన్నా డెల్ఫియా తన కళ్లతో చూసుకోకుండా నమ్మదు. సీసాలో పాలు వాసన చూస్తుంది. బండి టైర్లు తన్ని చూస్తుంది. చర్చిలో పాస్టరు చదివిన వాక్యాన్ని కూడా ఇంటికొచ్చి బైబిలు తెరిచి సరిచూసుకుంటుంది.

బర్చెల్ పోయిన రెండేళ్లకు అతని తమ్ముడు ఆర్లిస్ గని పని మానేశాడు. పదహారేళ్లు రాతికి డ్రిల్లు పెట్టిన చేతుల్లో గిటారు పట్టుకుని వదిన గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, నువ్వూ అన్నయ్యా చర్చిలో పాడుతుంటే జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆ గొంతుని ఇలా చిక్కుళ్లు ఒలుచుకుంటూ పాడు చేసుకుంటావా?"

డెల్ఫియా మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు మాండలిన్ మీద దుమ్ము తుడిచింది.

అలా 1968లో గేహార్ట్ జంట రోడ్డెక్కింది. కెంటకీ తూర్పు కొండల్లో, కొండ దిగితే వర్జీనియాలో, స్కూలు హాళ్లలో, ఫైరింజన్లు బయటికి తీసి బెంచీలు వేసిన షెడ్లలో, ఎండాకాలం వస్తే పచ్చిక బయళ్లలో జరిగే బ్లూగ్రాస్ అనే కొండ జానపద సంగీతం పండగల్లో పాడేవారు. ఇద్దరికీ ఒకటే మైకు. పాట ఎత్తుకునేది ఆర్లిస్. దాని మీద పై స్థాయిలో అందుకునేది డెల్ఫియా. బండి వెనక సీట్లు మడిచి వాద్యాలు, బట్టలు, ఒక ఐసుపెట్టె పెట్టుకునేవారు. ఆ పెట్టెలో మొక్కజొన్న రొట్టె, ఉల్లిపాయలు, మాంసం డబ్బాలు ఉండేవి.

మొగుడూ పెళ్లాలు కాని ఆడా మగా ఒకే బండిలో తిరిగితే లోకం ఊరుకోదు కదా. పైక్‌విల్ దగ్గర ఒక మోటల్‌లో గల్లా దగ్గరి ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తూ అడిగింది.

"మీరిద్దరూ ఏమవుతారు?"

"వదినా మరుదులం."

"ఓహో."

ఆ "ఓహో" ఎంత పొడవు సాగిందంటే, డెల్ఫియా చేతిసంచీ బల్ల మీద పెట్టి, "అమ్మా, ఈ చివర ఒక గది, ఆ చివర ఒక గది ఇవ్వు. మధ్యలో నువ్వు కుర్చీ వేసుకు కూర్చో. కాఫీ నేనే తెచ్చిస్తా," అంది. ఆర్లిస్ బయటికి పోయి బండికి ఆనుకుని పొట్ట పట్టుకు నవ్వాడు.

ఎనిమిదేళ్లు అలా గడిచాయి. 1976 వసంతంలో డెల్ఫియాకి మరిది మీదే అనుమానం మొదలైంది.

మొదట పట్టిచ్చింది క్షవరం. నార్టన్ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా ఆర్లిస్ బండి ఆపి, "ఒక్క అరగంట వదినా, జుట్టు కత్తిరించుకొస్తా," అనేవాడు. అతని నెత్తి మీద మిగిలిందే చెవుల చుట్టూ ఒక అంచు. దానికి వారం వారం కత్తెరా? పైగా అరగంటని గంటన్నర చేసి తిరిగొచ్చేవాడు. ఆ అంచు వెళ్లినప్పుడు ఎలా ఉందో వచ్చినప్పుడూ అలాగే ఉండేది.

తర్వాత వాయింపు. ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య ఆర్లిస్ కింది తీగల మీద గబగబా ఒక విరుపు విరిచేవాడు. జనం దానికోసమే కాచుకునేవారు. ఆ విరుపు మానేశాడు. వాయించడం తగ్గించి మధ్యలో జోకులు పెంచాడు. అత్తగారి మేక జోకు అంతకుముందు రెండు నిమిషాలు ఉండేది, ఇప్పుడు ఏడు నిమిషాలు సాగుతోంది. 'వీడికి మనసు ఇక్కడ లేదు,' అనుకుంది డెల్ఫియా. పెట్రోలు బంకుల దగ్గర ఫోను పెట్టెలో దూరి, వీపు ఇటు తిప్పి మాట్లాడటం కూడా చూసింది. అడిగితే, "ఎవరూ లేరు, మామూలే," అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జవాబు.

మే నెలలో ఒకనాడు తీగ తెగితే కొత్తది తీసుకుందామని అతని గిటారు పెట్టె తెరిచింది. అడుగున మడిచిన కాగితం దొరికింది. తమ పాటల జాబితా, ఏ పాట ఏ శ్రుతిలోనో పక్కనే రాసి ఉంది. దస్తూరి ఆర్లిస్‌ది కాదు. ఒక పాట పక్కన ఇలా ఉంది: "రెండో పంక్తి తర్వాత ఆమె ఊపిరి తీసుకుంటుంది. ఆగాలి."

డెల్ఫియా ఆ మాటలు మళ్లీ చదివింది. తను ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఎవరో నేర్చుకుంటున్నారు. ఎవరో ఆడమనిషి. తనకంటే చిన్నది, గొంతు ఇంకా నలగనిది. తన చోటులోకి దాన్ని తెచ్చి నిలబెట్టడానికి మరిది చాటుగా తయారు చేస్తున్నాడు. కాగితాన్ని ఉన్నట్టే మడిచి పెట్టేసింది. ఆ వారమంతా ఒక్క ముక్క అడగలేదు. పక్క సీట్లో కూర్చుని అతని చెంప వైపు చూస్తూ ఉండేది. "ఏంటి వదినా, ఏమన్నా అంటుకుందా?" అని ఆర్లిస్ రెండుసార్లు బుగ్గ తుడుచుకున్నాడు.

ఆ గురువారం నార్టన్‌లో అతను దిగాక ఆమె పది నిమిషాలు ఆగి వెనకే వెళ్లింది. నిజంగానే మంగలి షాపులోకే వెళ్లాడు. తలుపుకి 'మూసి ఉంది' అన్న అట్ట వేలాడుతోంది. లోపల గిటారు మోగుతోంది. పక్క సందులో కిటికీ తెరిచి ఉంటే అక్కడ నిలబడి చెవి ఒగ్గింది.

ఆర్లిస్ పాడుతున్నాడు. తమ పాటే. పై గొంతు రావలసిన చోటికి వచ్చేసరికి అతను పాట ఆపాడు, గిటారు మాత్రం సాగింది. ఆడగొంతు ఏదీ రాలేదు.

"ఇక్కడ వదిన అందుకుంటుంది," అంటున్నాడు ఆర్లిస్. "ఆవిడ ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. నువ్వు తొందరపడకూడదు ఎస్టిల్. నువ్వు తొందరపెడితే ఆవిడకి కోపం. నీ వైపు చూడదు గానీ, నీకు తెలిసిపోద్ది."

డెల్ఫియా తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. క్షవరం కుర్చీలో బట్టతల మంగలి ఎస్టిల్, యాభై ఏళ్లవాడు, ఒళ్లో గిటారుతో కూర్చుని ఉన్నాడు. ఆర్లిస్ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"మార్చి నుంచి వదినా."

"దేనికి?"

ఆర్లిస్ ఎడమ చెయ్యి చాపాడు. "ఈ రెండు వేళ్లు చచ్చుబడ్డాయి. డ్రిల్లు పట్టీ పట్టీ నరాలు పోయాయట. మూడోది కూడా పోద్దన్నాడు డాక్టరు. తీగ ఎక్కడుందో తెలీదు నాకు. కళ్లతో చూసుకుని నొక్కుతున్నా."

"నిజమా?"

"నీకు అబద్ధం చెప్తానా?"

"మూడు నెలల్నుంచి చెప్తూనే ఉన్నావుగా. కళ్లు మూసుకో."

డెల్ఫియా మంగలి బల్ల మీది దువ్వెన అందుకుని దాని పళ్లు అతని వేలి కొసకి గుచ్చి పట్టింది, చర్మం తెల్లబడేదాకా. ఎస్టిల్ నోరు తెరిచాడు, ఆమె చూపు చూసి మూసేశాడు.

"మొదలెట్టావా వదినా?" అన్నాడు ఆర్లిస్, కళ్లు మూసుకునే.

డెల్ఫియా దువ్వెన కింద పెట్టింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ కోపం వచ్చింది.

"నన్నడక్కుండా నాకు జత కుదిర్చావా? కంచరగాడిదని బండికి కట్టినట్టు?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను!"

"మరి? నా చెయ్యి పోతే నువ్వు మళ్లీ చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూర్చుంటావని..."

"చిక్కుళ్లు ఒలుస్తానో, తొక్కలతో సహా తింటానో అది నా ఇష్టం." ఎస్టిల్ వైపు తిరిగింది. "నీ మీద కోపం లేదయ్యా. బాగా వాయిస్తున్నావు. శనివారం రా, చూద్దాం."

ఎస్టిల్ వచ్చాడు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ. ఒక్క తప్పు లేకుండా వాయించాడు. కాగితంలో రాసినట్టే ఆమె ఊపిరి తీసుకునే చోట ఆగాడు. ఆ ఆగడమే డెల్ఫియాకి పడలేదు. ఎవరో వెనక నిలబడి తన ఊపిర్లు లెక్కపెడుతున్నట్టు అనిపించింది. కార్యక్రమం అయ్యాక ఎస్టిల్ చేతులు పట్టుకుని, "నాయనా, నువ్వు మంచి వాయిద్యగాడివి, నా పాటకి మాత్రం కుదరవు," అంది. అతను నొచ్చుకున్నాడు, అయినా ఆ రోజు నుంచి ఆర్లిస్‌కి ఊరికే క్షవరం చేస్తానన్నాడు.

ఆ చలికాలం డెల్ఫియా మాండలిన్ పక్కన పెట్టి గిటారు నేర్చుకుంది. వంటింట్లో, పొయ్యి పక్కన. ఆర్లిస్ ఎదురుగా కూర్చుని చెప్పేవాడు. "వేలు ఇంకొంచెం పైకి వదినా... అబ్బ, ఆ చప్పుడేంటి, పిల్లి తోక తొక్కావా?" ఆమె వేళ్లు బొబ్బలెక్కి, పగిలి, చివరికి గట్టిపడ్డాయి.

మరుసటి వసంతంలో ఇద్దరే మళ్లీ బయలుదేరారు. ఈసారి గిటారు ఆమె చేతిలో, ఆర్లిస్ ఉత్త చేతులతో. ముప్పై ఏళ్లు వాయించినవాడికి చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. జేబుల్లో పెట్టేవాడు, తీసేవాడు, మైకు కర్ర పట్టుకుని ఊగేవాడు. ఒక కొండ ఊళ్లో చర్చి హాలుకి పిలిస్తే వెళ్లారు. రెండో పాట కాగానే ముందు వరసలోంచి పెద్దమనిషి ఒకాయన లేచాడు.

"గిటారు తెచ్చేవాడివి, ఇప్పుడు నిలబడలేక ఊగుతున్నావు. తాగొచ్చావా దేవుడి ఇంటికి?"

ఆర్లిస్ ముఖం ఎర్రబడింది. చెయ్యి సంగతి చెప్పుకోవడం ఇష్టంలేక చేతులు జేబుల్లో దూర్చాడు. డెల్ఫియా గిటారు భుజానికి వేసుకుని ముందుకొచ్చింది.

"అనుమానం ఉంటే అడగడం మంచిదే అయ్యా. రండి, వాసన చూడండి."

ఆయన నిజంగానే మెట్లెక్కి వచ్చి, ఆర్లిస్ నోటి దగ్గర ముక్కు పెట్టాడు. ఒక్కసారిగా వెనక్కి తగ్గాడు.

"ఉల్లిపాయ," అన్నాడు.

"పచ్చిదే, మధ్యాహ్నం తిన్నా. ఇంకోసారి చూస్తారా?" అన్నాడు ఆర్లిస్.

మొదట వెనక వరసలో ఎవరో ఆడమనిషి నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. పెద్దమనిషి కూడా కాసేపు బిగబట్టి చివరికి నవ్వేసి, వెళ్లి కూర్చున్నాడు. నవ్వులు తగ్గాక డెల్ఫియా తీగల మీద చెయ్యి వేసింది. ఆర్లిస్ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బడిపిల్లాడిలా నిలబడి పాట ఎత్తుకున్నాడు.