అరవై ఒకటో పేజీలో లేని పాప

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ప్రూఫు చూపించమని అడిగే రకం నేను. నాకు తెలిసిన ప్రూఫులన్నీ అచ్చుతప్పులు దిద్దేవే అనుకోండి. ఆదోనిలో కోర్టు ఎదురు సందులో ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నాను. అర్జీలు, కరపత్రాలు, అన్నిటికన్నా ఎక్కువగా పెళ్లికార్డులు. వేల పెళ్లికార్డులు దిద్దాను గానీ నా కార్డు కొట్టే అవసరం మాత్రం రాలేదు. దిష్టి నిమ్మకాయ నా షాపు గడప తొక్కలేదు, ఇప్పటికీ తొక్కనివ్వను. ఇంత గట్టిగా ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసింది చదివాక నన్ను వేరే వరసలో కూర్చోబెడతారని భయం.

రెండేళ్ల కిందట ఒక పుస్తకం రాశాను. ఎమ్మిగనూరు అవతల ఒక పల్లెలో ఒక రాత్రి ఒకే ఇంట్లో నలుగురిని చంపేశారు. మొగుడూ పెళ్లాం, మొగుడి తల్లి, ఆరేళ్ల పాప. చంపింది ఆ మొగుడి సొంత అన్నే. చేను గట్టు తగాదా. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. పేపర్లో రెండు రోజులు వచ్చింది, మూడో రోజు వేరే వార్త వచ్చింది. ఊరి పేరూ పుస్తకం పేరూ ఇక్కడ రాయను. ఒకటి తెలిస్తే రెండోది తెలిసిపోతుంది.

కేసు ఆదోనిలోనే నడిచింది. వాయిదాకు వచ్చినవాళ్లు నా షాపు ముందు నీడలో కూర్చునేవాళ్లు. వాళ్లలో సుంకమ్మ ఒకరు. చనిపోయిన ఇల్లాలు రంగమ్మకు సొంత అక్క, పక్క పల్లెలో కాపురం. కూలిపని. వాయిదా వాయిదాకూ ఆమె చెప్పిందల్లా నోట్సులో రాసుకుంటూ పోయాను. అలా పెళ్లికార్డులు కొట్టే నేను, కార్డులో పట్టని కథ రాయాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె "పెన్ను మూసి పెట్టన్నా" అన్నది. మూసి పెట్టాను.

మా పడమటి పల్లెల్లో పంట పోయిన ఏడు సుగ్గికి పోతారు. ఊరు ఊరంతా లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతకు వెళ్లడమన్నమాట. కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి కావలసింది కోసే చేతులు. చిన్నపిల్లల్ని ఎక్కిస్తే మొహం మాడ్చుకుంటాడు. ఆ ఏడు సుంకమ్మ వాళ్ల లారీ తెల్లవారితే బయలుదేరుతుందనగా, ఆమె చెల్లెల్ని చూడడానికి వెళ్లింది. ఆ ఇంట్లో అప్పటికే అన్నదమ్ముల మధ్య కేకలు నడుస్తున్నాయి. గొడవ చల్లారేదాకా పాపను తీసుకుపొమ్మని రంగమ్మ అడిగింది. లారీలో జాగా లేదని సుంకమ్మ చెప్పింది. పాప తన బట్టల సంచి పట్టుకుని ఊరి బోరింగు దాకా వెంట వచ్చింది. అక్కడ సుంకమ్మ గదిమితే నిలబడిపోయింది. ఈమె వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రాత్రే అంతా జరిగింది.

"లారీలో జాగా ఉండెన్నా," అన్నది సుంకమ్మ. "మేస్త్రీ నస పెడతాడని లేదంటి."

ఈ సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. మరీ ముఖ్యంగా తల్లికి. తల్లి ఈరమ్మ పెద్ద ముసలిది, రంగమ్మ పోయాక సుంకమ్మ దగ్గరే ఉంటోంది. "మాయమ్మకు తెలిస్తే నా సేతి కూడు ముట్టదు. యాడా రాయొద్దన్నా."

రాయనని మాటిచ్చాను. రాయలేదు. టైపు చేసింది నేనే, నాలుగు ప్రూఫులు చూసింది నేనే. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఆఖరి ప్రూఫును కింది లైను నుంచి పైకి చదువుతాం. అప్పుడు కథ కంటికి అడ్డం రాదు, అక్షరమే కనపడుతుంది. నా పుస్తకం మొత్తం అలా తలకిందులుగా చదివాను. బోరింగు గురించి అరవై ఒకటో పేజీలో రెండే వాక్యాలున్నాయి. "ఊరి మొదట్లో బోరింగు ఉంది. దాని పిడి విరిగి ఏడాదయింది." అంతే. పాప అక్కడ లేదు.

మూడు వందల కాపీలు వేశాను. పుస్తకం అచ్చయింది గానీ నాకు అచ్చిరాలేదు. సగం కట్టలు షాపులో స్టూలుగా పనికొచ్చాయి. మిగిలిన సగం చదివినవాళ్లు మాత్రం ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. హంతకుడి ఫొటో వేయలేదేమని ఒకరు. ఆ చేను ఇప్పుడు అమ్మకానికుందా అని ఒకరు. రచయిత గొంతు ఇంత సన్నగా ఉంటుందనుకోలేదని ఇంకొకరు. ఏదైతేనేం, మోగని ఫోను మోగుతోందని సంతోషించాను. సాయంత్రం ఆరు తర్వాత నాతో మాట్లాడేది ఆ ఫోనొక్కటే.

కోడుమూరు నుంచి రిటైరైన టీచరు ఒకాయన చేశాడు. "బోరింగు కాడ ఆ పాప నిలబడిపోతాది సూడండి సార్, ఆడ పుస్తకం మూసేసినాను. రెండు దినాలు తెరవలే."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టి, ఏ పేజీ అని అడిగాను. అరవై ఒకటి అన్నాడు. తీసి చూడమన్నాను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. "ఈడనే ఉండెనే" అన్నాడు. వెతికి మళ్లీ చేస్తానన్నాడు. చేయలేదు.

ఆయన ఊహించుకుని ఉంటాడని సరిపెట్టుకున్నాను. మంచి పాఠకుడు రాయనిది కూడా చదువుతాడంటారు కదా, నాకూ అలాంటివాడు ఒకడు దొరికాడని కొంచెం గర్వం కూడా పడ్డాను.

పది రోజులకు ఎమ్మిగనూరు నుంచి ఒక నర్సు వాట్సాపులో మాట్లాడి పంపింది. ఆ పాప పసుప్పచ్చ సంచి పట్టుకుని పిన్నమ్మ వెంట నడిచే చోటు మూడుసార్లు చదివానని. పిన్నమ్మ కాదు పెద్దమ్మ, అక్కడొక్కటే ఆమె పొరపాటు పడింది. సంచి ఏ రంగో నాకే తెలియదు. సుంకమ్మ బట్టల సంచి అని మాత్రమే చెప్పింది.

ఆ తర్వాత పత్తి మార్కెట్టు హమాలీ ఒకతను షాపుకే వచ్చాడు. చదువు రాదు, కూతురు చదివి వినిపించిందట. ఎదురుగా నిలబడి పుస్తకాల కట్టలు చూశాడు. వెళ్లబోతూ మెట్టు మీద ఆగి, "లారీలో జాగా ఉండె కదన్నా?" అన్నాడు.

ఆ రోజు షాపు మూసేసి కూర్చున్నాను. కంప్యూటరులో "సంచి" అని కొట్టి వెతికితే పుస్తకం మొత్తంలో ఆ మాటే లేదు. అమ్ముడుపోని కాపీలు పది తీసి పదింటిలోనూ ఆ పేజీ చూశాను. ఎవరికైనా నోరు జారానా అని ఆలోచించాను. నాకు జారడానికి నోరుంది గానీ వినడానికి మనిషి లేడు. నిద్రలో కలవరించి ఉంటే బల్లి వినాలి.

అప్పుడు సుంకమ్మ ఫోను వచ్చింది. పక్కింటి ఇంటర్ చదివే అమ్మాయి పుస్తకం చదివి, నీళ్ల దగ్గర ఆమెను అడిగిందట. పాపను ఎందుకు తీసుకుపోలేదత్తా అని.

"నిన్ను నమ్మి సెప్తినన్నా."

"యాడా రాయలేదు సుంకమ్మా."

"మరి ఆ పిల్లకెట్ల తెలిసె? రేపు మాయమ్మకు సెప్పదా?"

ఆదివారం వస్తాను, నీ ముందు కూర్చుని ఆ రోజు సంగతంతా పైకి చదువుతాను, నువ్వే విను అన్నాను. ఆమెకు చదువు రాదు. అంతకన్నా రుజువు ఏం చూపించాలో నాకు తోచలేదు.

ఆదివారం పదింటికి ఆమె ఇంట్లో ఉన్నాను. వసారాలో నాకు బొంత పరిచింది. తను చేటలో జొన్నలు ఏరుతూ కూర్చుంది. తల్లి లోపల మంచం మీద ఉంది. "మెల్లగ సదువు. పండుకోనుంది," అన్నది. మొహం నా వైపు తిప్పలేదు.

యాభై ఎనిమిదో పేజీ నుంచి మొదలుపెట్టాను. అరవై ఒకటి వచ్చింది. ఊరి మొదట్లో బోరింగు ఉంది. దాని పిడి విరిగి ఏడాదయింది. ఆ రెండు వాక్యాలూ చదివి, చేను గట్టు పొడుగూ వెడల్పూ ఉన్న పేరాలోకి వెళ్లాను. అప్పుడు చూశాను. ఆమె చేతులు చేటలో ఆగిపోయి ఉన్నాయి.

"సదివితివి కదన్నా," అన్నది. "రాయలేదంటివే."

పుస్తకం ఆమె వైపు తిప్పి, ఆ రెండు వరుసల మీద వేలు పెట్టి, ఇంతే ఉంది తల్లీ అన్నాను. ఆమె నా వేలి వైపు చూడను కూడా లేదు. "పసుప్పచ్చ సంచి అని గూడ సదివితివి. నీకు నేను రంగు సెప్పలేదే."

లోపలి నుంచి ముసలామె గొంతు వచ్చింది.

"ఆ సంచి నేనే కొనిచ్చింటి. జాతరలో."

సుంకమ్మ బిగుసుకుపోయింది. ఇన్నేళ్లుగా ఏ గడియకు భయపడిందో ఆ గడియ వచ్చింది. ఈరమ్మ గోడ పట్టుకుని నడిచి వచ్చి గడప మీద కూర్చుంది. కూతురి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఒగ తూరి మళ్లీ సదువు నాయనా. బోరింగు కాడ నుంచి."

అది ఇందులో లేదవ్వా అని చెప్పాలి. చెప్పలేకపోయాను. ఉన్న రెండు వాక్యాలే మళ్లీ చదివాను. మా పనికి అలవాటైన గొంతుతో, మొదటి చుక్క దగ్గర ఆగి, రెండో చుక్క దగ్గర ఆగి. నేను చదవడం ముగించాను. వాళ్లు ఇంకా వింటున్నారు.

ముసలామె కళ్లు మూసుకుని తలాడిస్తోంది. సుంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెదవులు బిగించుకుని కూర్చున్నాను, పొరపాటున కూడా ఒక శబ్దం రాకూడదని. నిమిషం దాటే ఉంటుంది. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"సంచి ఊపుకుంటా ఇంటికి తిరుక్కోని పాయ," అన్నది ఈరమ్మ. "ఏడ్వలేదు."

"నేను తిరిగి సూడలేదమ్మా," అన్నది సుంకమ్మ. "ఆడనే నిలబడి ఏడ్సింటాదని... ఇన్నేండ్లు."

"ఇప్పుడు వింటిమి కదా. ఏడ్వలేదు."

సుంకమ్మ తల వంచుకునే ఉంది. కొంతసేపటికి ముసలామె కాళ్లు చాపుకుని, "పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. రొట్టె పెట్టు," అన్నది. సుంకమ్మ లేచి జొన్నరొట్టె, పప్పు తెచ్చింది. పళ్లెం కింద పెట్టకుండా తల్లి ముందు అలాగే పట్టుకుంది. ముసలామె ఆ పళ్లెంలో నుంచే తుంచుకుని తిన్నది. సగం తిన్నాక ఒక తునక కూతురి నోటికి అందించింది.

నాకూ పెట్టారు. తిని, రెండింటి బస్సు పట్టుకుని ఆదోనికి వచ్చేశాను. ఏం చదివావని దారిలో ఎవరైనా అడిగి ఉంటే బోరింగు గురించి రెండు ముక్కలని చెప్పేవాణ్ని.

ఫోన్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తాయి. ఏ పేజీ అని అడగడం మానేశాను. కొన్ని సాయంత్రాలు షాపు షట్టరు సగం దించి ఆ పేజీ నేనే పైకి చదువుకుంటాను. నా సన్నటి గొంతు తప్ప ఏమీ వినపడదు. రెండు వాక్యాలు తొందరగా అయిపోతాయి. ఆ తర్వాత వాళ్లిద్దరూ విన్నంతసేపు నేనూ ఊరికే కూర్చుని చూశాను, చాలాసార్లు.

కోడుమూరు టీచరుకు వినపడింది. హమాలీకి వినపడింది. ఎవరికి వినపడాలో ఆ ఇద్దరికీ వినపడింది. రాసినవాణ్ని నేను. నాకెందుకు వినపడదో, వాళ్లకెలా వినపడిందో నాకు ఈ రోజుకీ తెలియదు.