చెయ్యెత్తని ఊరు

మా గూడెం దగ్గర బస్సు ఆగదు. ఇది మాకు పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత ఖాయమైన సంగతి. రోడ్డు పడ్డ కొత్తలో, భద్రాచలం కల్యాణానికి పోయే జనంతో కిక్కిరిసిన బస్సులు మావాళ్లు చెయ్యెత్తినా నాలుగైదుసార్లు ఆగకుండా పోయాయట. అంతే, మళ్లీ ఎవరూ చెయ్యెత్తలేదు. ఎనభైల చివరిదాకా మూటలతో, చంటిపిల్లలతో ఊరంతా మూడు కిలోమీటర్లు నడిచి పై స్టేజీలో బస్సెక్కింది. సగం ఖాళీ బస్సులు మా మొహాన దుమ్ము కొట్టి పోయేవి.

నాకు ఒళ్లు మండేది. ఐదో తరగతితో బడి మానేసినా, ఏన్కూరు గ్రంథాలయంలో రెండు బీరువాలు పూర్తి చేసినవాణ్ణి. మనసు గురించి రాసిన ఒక పుస్తకంలో చదివాను: పదేపదే ఓడిపోయిన ప్రాణి, తర్వాత తలుపు తీసి ఉన్నా బయటికి రాదట. అచ్చం మా గూడెమే! ఇంటికొచ్చి మా ఆవిడకు వివరించాను.

“తలుపు సంగతి తర్వాత. కట్టెలు తడిసినయ్, ముందు గవి ఎండేయ్” అంది.

ఇలాంటి మనుషుల మధ్య ఎలా బతకడం? మా గూడెం దగ్గర బస్సు ఆపమని డిపోకు ఆరు అర్జీలు రాశాను, పుస్తకాల్లో నేర్చిన మంచి భాషలో. జవాబు లేదు. “మన మొర ఎవరింటరు?” అని నేనే అందరికంటే గట్టిగా అన్నాను.

ఆ ఏడు మా ఆవిడ ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టింది. పాసైతే అంగన్‌వాడీలో పని అడగొచ్చని ఆమె ఆశ. పరీక్షనాడు పొద్దున్నే చిన్నవాడు వాంతులు చేసుకున్నాడు. వాణ్ణి మా అమ్మకు అప్పగించి ఇద్దరం రోడ్డెక్కేసరికే వెనక బస్సు చప్పుడు. అది పోతే మళ్లీ మధ్యాహ్నమే.

“పోయింది పరీక్ష. వచ్చే ఏడు కడదాం” అన్నాను.

ఆమె నావైపు ఒక్క చూపు చూసి, నడిరోడ్డు మీదికి పోయి చెయ్యెత్తింది.

“ఆగదే! పక్కకు రా!” అని అరిచాను.

బస్సు ఆగింది.

“ఏందమ్మా, రోడ్డుకు అడ్డం నిలబడ్డవ్? పక్కన నిలబడి చెయ్యెత్తితే చాలదా?” అన్నాడు డ్రైవరు.

“ఎత్తితే ఆపుతరా?”

“ఆపకేం? పదేండ్ల సంది ఈ తొవ్వల తిరుగుతున్న. మీ ఊరోళ్లు ఒక్కళ్లు చెయ్యెత్తలే. మీకు బస్సంటే భయమేమో అనుకున్న!”

బస్సంతా నవ్వింది. నేను సీట్లో ఉడికిపోయాను. ఆరు అర్జీలనూ మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లి పోస్టుడబ్బాలో వేసొచ్చిన మొనగాణ్ణి నేను. దారిలో ఎన్ని బస్సులు నన్ను దాటిపోయాయో! ఊరి జబ్బుకు పేరు పెట్టాను కానీ, నాకూ అదే జబ్బుందని తట్టలేదు.

పరీక్ష జరిగే బడి గేటు మూయబోతుండగా ఆమె లోపలికి పరుగెత్తింది.

ఫలితాల్లో లెక్కలు పోయాయి.

“లెక్కలు మనకు రావులే” అన్నాను ఓదార్పుగా.

“మనకు అనకు. నాకు ఎనిమిది మార్కులు తక్కువొచ్చినయ్, గంతే. మళ్లీ కడ్త.”

రెండోసారి పరీక్షకు నేనూ చొక్కా వేసుకుని తయారయ్యాను.

“నువ్వెందుకయ్యా? తొవ్వ పొడుగూతా ఎట్ల కాదో చెప్తవ్. పిలగాన్ని చూస్కో” అని ఒక్కతే పోయింది.

నాకు చాలా కోపం వచ్చింది. ఆమె మాత్రం లెక్కల్లో పాసై, మార్కుల కాగితం కూడా తానే వెళ్లి తెచ్చుకుంది.