జోగయ్య బార, దాలమ్మ చెలమ

ముందు చప్పుడే వినిపిస్తుంది. కొబ్బరిచిప్ప ఇసుకను గీరే చప్పుడు, సర్రు... సర్రు. మధ్యలో కాసేపు ఆగుతుంది. ఆగినంతసేపూ నీళ్లు ఊరుతున్నాయన్నమాట. రెల్లుపొదలు దాటి గెడ్డ అని పిలిచే ఆ వాగులోకి దిగితే అప్పుడు కనిపిస్తుంది దాలమ్మ. మోకాళ్ల మీద కూర్చుని, చెలమలోకి వంగి, తన ముఖాన్ని తానే తోడుకుంటున్నట్టు.

గజపతినగరానికి వంకాయలు పంపే ఊళ్లలో దాలమ్మ ఊరొకటి. ఇళ్లకు కుళాయిలున్నాయి. అయినా పప్పు ఉడకాలంటే గెడ్డ నీళ్లే కావాలంటుంది దాలమ్మ. ఎండాకాలంలో గెడ్డ పైకి ఎండిపోయినా అడుగున నడుస్తూనే ఉంటుంది. ఇసుకలో చిన్న గుంత తీస్తే చాలు, ఆ చీకటి నడక పైకొచ్చి వెలుతురు చూస్తుంది. అదే చెలమ. అత్త తవ్విన చోటే ఆమె ఏటేటా తవ్వుతోంది.

రెండేళ్ల కిందటి వేసవిలో ఒక పొద్దున ఆ నీళ్లకు వాసన వచ్చింది. వంగతోటకు కొట్టే పురుగుమందు వాసన. తోడి పారబోసింది. మళ్లీ ఊరిన నీళ్లదీ అదే వాసన. తలెత్తి గట్టు వైపు చూసింది. ఒకప్పుడు కానుగలూ రెల్లూ నిలిచిన గట్టంతా దున్నేసి ఉంది. వంగసాళ్లు అంచుదాకా వచ్చి గెడ్డలోకి తొంగిచూస్తున్నాయి. వాటిలో పక్క చేను జోగయ్యవి ఉన్నాయి. జోగయ్య ఆమె మేనత్త కొడుకు. ఆ సాళ్లలో దాలమ్మవీ ఉన్నాయి.

ఆ సాయంత్రమే అంచున ఉన్న తన మొక్కలు పీకేసింది. నిండా పూత మీదున్న మొక్కలు.

"మతి పోయిందేటే దాలమ్మా?" పక్క చేలోంచి అరిచాడు జోగయ్య.

"మతి కాదు బావా, నీల్లు పోయాయి. ఒచ్చి వాసన సూడు."

"కుళాయి ఉన్నాది కదేటే!"

"కుళాయి రాని నాడు నీ మందుడబ్బా కడిగిన నీల్లు తాగుతావేటి?"

ఒక్క మనిషి పీకితే గెడ్డ తేరుకోదు. అందుకే సర్పంచ్ అనూరాధ ఇంటి చుట్టూ తిరిగింది. చివరకు బడి వరండాలో గ్రామసభ పెట్టారు. గెడ్డ అంచు నుంచి పది బారల దాకా ఎవరూ దున్నకూడదు, మందు కొట్టకూడదు, డబ్బాలు కడగకూడదు, గడ్డి మాత్రం కోసుకోవచ్చు అని అనూరాధ చదివింది. చేతులు రెండూ చాపితే బార. ఆ ఊళ్లో కంచెలు ఇప్పటికీ అలాగే కొలుచుకుంటారు.

జోగయ్య లేచాడు. లేచినా పెద్ద తేడా తెలియని పొట్టి మనిషి.

"బారంటే ఎవుడి బార? గిరిబాబు సేతులు తాటికమ్మల్లాగుంటాయి. ఆడు కొలిస్తే నా సేనంతా ఆడి సంకలోకే పోతాది!"

సభంతా నవ్వింది. జోగయ్య అవతలి చేను గిరిబాబు తన పొడుగు చేతులు వెనక్కి దాచుకున్నాడు. దాలమ్మ నవ్వలేదు. బార పొట్టిదైతే గెడ్డకు దక్కే నేల తగ్గుతుంది. అసలు దక్కకపోవడం కంటే అది నయం. పైగా బావ పౌరుషం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నీ బారే రాయించు బావా," అంది. "ఊరంతటికీ నీ బారే."

జోగయ్యకు ఇంక కాదనడానికి దారి లేకపోయింది. తీర్మానంలో 'జోగయ్య బారతో పది' అని రాశారు.

కాబట్టి కొలవడానికీ ఆయనే రావాల్సి వచ్చింది. తన చేను దగ్గర మోచేతులు మడిచి, బార సగానికి కుదించాడు. తర్వాతిది గిరిబాబు చేను.

"ఎలాగూ పొట్టి బారే కదా మావా, ఇంకాస్త ముడుసుకో," అన్నాడు గిరిబాబు.

అంతే. జోగయ్య రొమ్ము విరిచాడు. ఎగరబోతున్న కొంగలా వేళ్ల కొసల దాకా సాగాడు. "ఇదిరా నా బార!"

"అయితే నీ సేను మళ్లీ కొలుద్దాం రా బావా," అంది దాలమ్మ, నెమ్మదిగా.

తిట్టుకుంటూనే వెనక్కి నడిచాడు.

ఆ ఏడాది నీళ్లు తేరుకోలేదు. వాసన పలచబడిందంతే. వానల తర్వాత గట్టు మీద రెల్లు లేచింది, దాని నీడన కానుగ మొలకలు తలెత్తాయి. ఈ వేసవిలో ఒక పొద్దున దాలమ్మ దోసిలి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తడి ఇసుక వాసన తప్ప ఏమీ లేదు. ఎగువ ఊరింకా తీర్మానం చేయలేదు. అక్కడి వాళ్లతో తగువుకు ఇప్పుడు జోగయ్యే వెళుతున్నాడు. "నా బార లోపల డబ్బా కడుగుతన్నదెవుడ్రా!" అన్న కేక ఈ ఊరి గట్టు వెంట కూడా రోజూ వినిపిస్తుంది.

ఇదంతా రాసుకుపోవడానికి వచ్చిన మనిషికి దాలమ్మ చిప్పతో నీళ్లందించింది.

"తాగండి బాబూ. బాగుంటే నాకు సెప్పకండి. అలగ గట్టెంట యెల్లి మా బావకి సెప్పండి. గట్టిగా సెప్పండి, గిరిబాబుకి కూడా ఇనపడాల."