బొరుగుల బట్టీ కేసులో నా వాంగ్మూలం

ఐపీసీ పోయి కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్ వచ్చిన ఏడాది, రిటైర్మెంటుకు పది నెలల ముందు, నన్ను ఆళ్లగడ్డ వైపు ఒక స్టేషనుకు ఎస్సైగా వేశారు. స్టేషను పేరు చెప్పను. తప్పు నాది, స్టేషనుది కాదు.

మా పరిధిలో మహబూబ్‌బీ అనే ఆమెకు బొరుగుల బట్టీ, అంటే మరమరాలు వేయించే బట్టీ ఉండేది. స్థలం కాగితాలు ఆమె పేరనే ఉన్నా, పక్క పొలం ఆసామి తనదని తగాదా పడేవాడు. ఒకరోజు ఉదయం పదింటికి ఆమె ఫోన్ చేసింది. "సార్, ఆసామి ముగ్గుర్ని ఎంటేసుకొని గడ్డపారలతో వస్తాండాడు. బేగా రాండి." జీపు శ్రీశైలం బందోబస్తుకు పోయింది. సాయంత్రం వచ్చి అర్జీ ఇవ్వమని ఫోన్ పెట్టేశాను. నా మోటారుసైకిలు బయటే ఉంది. బద్ధకం, అంతే. స్టేషనులో జరిగే ప్రతిదీ రాయాల్సిన జనరల్ డైరీలో ఆ ఫోన్ సంగతి ఎక్కించనూ లేదు.

వాళ్లు బట్టీ గోడ సగం పడగొట్టారు. ఆమె బొరుగులు వేయించే ఇనుప గంటెతో ఒక్క దెబ్బ వేసింది. ఆసామి మణికట్టు విరిగింది, మిగతావాళ్లు పరుగో పరుగు. అతన్ని నంద్యాల పెద్దాసుపత్రిలో చేర్చారు. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్రగాయం అంటుంది. ఇద్దరి ఫిర్యాదుల మీదా కేసులు కట్టాను.

మా సీఐ గారిది పాత పద్ధతి: ఇద్దరినీ ముద్దాయిలను చేస్తే వాళ్లే రాజీకొస్తారు. ఆస్తిని కాపాడుకోవడానికి అవసరమైనంత బలం వాడటం నేరం కాదు. కానీ బీఎన్ఎస్ ముప్పై ఏడో సెక్షన్‌లో ఒక మెలిక ఉంది: పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు ఉండదు. "టైమున్నా ఆమె మన దగ్గరికి రాలేదని రాయప్పా," అన్నారాయన. నాకు ఒళ్లు మండింది. అలా రాస్తే ఆమె జైలుకు, బట్టీ ఆసామికి.

దర్యాప్తు చేసేవాడే సాక్షి కాకూడదు. అందుకని ఫైలు ఆయన బల్ల మీద పెట్టి, ఆమె ఫోన్ చేసినా నేను పోలేదని నా వాంగ్మూలం రాసుకోమన్నాను.

"నీ మెడకు నువ్వే ఉరేసుకుంటాండావ్ గదప్పా!"

"కాల్ రికార్డు కూడా తెప్పించండి సార్," అన్నాను.

ఆమె మీది కేసు రెఫర్ అయింది, అంటే చార్జిషీటు లేకుండా మూసేశారు. నాకు మెమో ఇచ్చి, పోస్టింగు లేకుండా నంద్యాలలో కూర్చోబెట్టారు. సంజాయిషీలో 'నిజమే' అని ఒక్క మాట రాశాను.

కేసు మూసేశారని చెప్పడానికి వెళ్తే మహబూబ్‌బీ నన్ను కూర్చోమనలేదు. "మళ్లా వస్తే మళ్లా కొడ్తా సార్. నువ్వు ముందొస్తే కొట్టను," అంది.

చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవద్దని సర్వీసంతా జనానికి నీతులు చెప్పాను. పోలీసు రానప్పుడు చట్టమే ఆ పనిని వాళ్ల చేతికిచ్చింది. రాని పోలీసు, రాలేదని రాయాలి.