అయ్యగారి ఇల్లు గట్టిదే

2016 వేసవి. అప్పటికి తిరువూరు ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంది. బస్టాండుకి దగ్గర్లో ఒక మేడ మీద గది తీసుకుని, లైసెన్స్‌డ్ ఇంజనీరునని బోర్డు పెట్టుకుని అప్పటికి పదిహేనేళ్ళు దాటింది. ఇళ్ళకి ప్లాన్లు గీయడం, ఎస్టిమేట్లు వేయడం, బ్యాంకు అప్పుల కోసం కట్టడాల విలువ కట్టడం నా పని. అప్పుడప్పుడూ కండిషన్ సర్వే అనే పని కూడా వచ్చేది. పాత కట్టడాన్ని పరీక్షించి, మరమ్మతు చేస్తే సరిపోతుందో, పడగొట్టాలో చెప్పడమన్నమాట. డాక్టరు రోగిని చూసినట్టే చూస్తాం. కాకపోతే రోగి నాకేం జబ్బు లేదని వాదించగలడు. ఇల్లు వాదించలేదు.

ఆ వేసవిలో ప్రకాశరావు గారు నా ఆఫీసుకొచ్చారు. సిమెంటు, ఇనుము వ్యాపారం, దాంతోపాటు కాంట్రాక్టులు. నాకొచ్చే పనుల్లో పెద్దవన్నీ ఆయన చేతుల మీదుగా వచ్చేవే. రోడ్డు పక్కనున్న ఒక ప్రెస్బిటేరియన్ సంఘంలో ఆయన ఒక పెద్ద. ఆ సంఘం పేరు రాయను. పెద్దల పేర్లు కూడా మార్చాను. పాస్టరు దయానందం గారి పేరు మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఈ రాతకి అర్థమే లేదు.

చర్చి ఆవరణలో, రోడ్డు వైపున పాస్టరు ఉండే పెంకుటిల్లు ఉంది. హైవే మీద స్థలాల ధరలు పెరిగాక ఆ ఇంటి చోట షాపులు కట్టి అద్దెకిస్తే బాగుంటుందని కొందరు పెద్దలకి తోచింది. పాస్టరు కాపురముంటున్న ఇంటిని ఊరికే పడగొడితే సభ్యులు ఊరుకోరు. అందుకని ఇంజనీరు మాట కావాలి.

ఇల్లు చూసి చెబుతానన్నాను. ప్రకాశరావు గారు నవ్వారు. "పాత ఇల్లు కదండీ, ఎప్పటికైనా పడేదే. ఆ ఎప్పటికైనా అన్నదాన్ని కాస్త ముందుకి జరపండి, అంతే" అన్నారు. షాపుల ప్లాను, సూపర్‌విజన్ నాకే ఇప్పిస్తానని కూడా లేస్తూ లేస్తూ చెప్పారు.

మాది కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. చర్చి సంగతులు నాకు పెద్దగా తెలియవు. సర్వేకి వెళ్ళిన రోజు దయానందం గారే నిచ్చెన తెచ్చి వేశారు. సంఘంలో అందరూ ఆయన్ని అయ్యగారని, భార్య రత్నకుమారి గారిని అమ్మగారని పిలుస్తారు. ఆమె నాకు మజ్జిగ ఇచ్చి, మళ్ళీ వరండాలో కుట్టు మిషను ముందు కూర్చున్నారు. ఆదివారం పిల్లల బడి ఆ వరండాలోనే జరుగుతుంది. గోడ నిండా పిల్లల సుద్దముక్క గీతలు.

నేను అటక ఎక్కి దూలాలన్నిటినీ సుత్తితో తట్టి చూశాను. చెద తిన్న కర్ర బోలుగా మోగుతుంది. ఇవి ఖంగుమన్నాయి. గోడలోకి దిగిన చివర్ల దగ్గర స్క్రూడ్రైవరు గుచ్చితే మొన కూడా దిగలేదు. పాతకాలపు టేకు. గోడలు సున్నం వేసి కట్టినవి. వంటగది గోడలో ఒక బీట ఉంది. దాని మీద అడ్డంగా చిన్న గాజు పలక అతికించి వచ్చాను. దీన్ని టెల్‌టేల్ అంటాం. బీట ఇంకా విచ్చుకుంటుంటే గాజు పగులుతుంది. కొన్ని వారాల తర్వాత వెళ్ళి చూశాను. పగల్లేదు. అంటే బీట పాతదే, గోడ కదలడం లేదు. వెనక మూల కొన్ని వాసాలు, కొన్ని పెంకులు మారిస్తే ఆ ఇల్లు నాకంటే ఎక్కువ కాలం బతికేది.

రెండోసారి వెళ్ళినప్పుడు మాటల్లో ఆయన చదువు గురించి అడిగాను. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు బి.డి. చదివారట. అది వేదాంత కళాశాలలో పాస్టర్లకిచ్చే చదువు. తర్వాత పల్లెల్లో ప్రొబేషను, ఆ తర్వాత గురువుగా అభిషేకం. గ్రీకు, హీబ్రూ కూడా నేర్చుకున్నారని విని ఆశ్చర్యపోయాను. ఇంత చదివితే జీతమెంత ఇస్తారని అడిగితే ఆయన చెప్పారు. మా కొట్లో గుమాస్తాకి ఇచ్చేదానికి పెద్ద తేడా లేదు. నా ముఖం చూసి ఆయనే నవ్వేశారు.

"ఇల్లుంది కదండీ. మా జీతంలో సగం గోడల రూపంలో ఇస్తారు. రిటైరైన రోజున ఆ సగం ఇక్కడే వదిలేసి పోవాలి."

ఆయన రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది. ఎ.కొండూరు దగ్గర అమ్మగారి పుట్టింటి ఊళ్ళో కాస్త స్థలం కొనుక్కున్నారు. ఆమె కుట్టు డబ్బులు అటే పోతున్నాయి. ఈ మూడేళ్ళు అద్దె లేకుండా గడిస్తే రెండు గదులు లేస్తాయని లెక్క. పునాదికి ఎంత లోతు తవ్వించాలని నన్నే అడిగారు. నేను ఆ స్థలం చూడకుండానే, అక్కడి నేల గురించి తెలిసినంత చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. రిపోర్టులో ఏం రాయాలో అప్పటికే నిశ్చయించుకున్నాను. అది మనసులో పెట్టుకునే ఆయనకి పునాది లోతు చెప్పాను.

ఆ సంఘం పద్ధతి ఇక్కడ కొంచెం చెప్పాలి. వాళ్ళకి పైనుంచి శాసించే బిషప్పు ఉండడు. సభ్యులు పెద్దల్ని ఎన్నుకుంటారు. ఆ పెద్దల సభ పేరు సెషన్. సెషన్‌కి అధ్యక్షత వహించేది పాస్టరే. మోడరేటర్ అంటారు. మామూలుగా ఆయన ఓటు వెయ్యడు. రెండు వైపులా ఓట్లు సమానమైతే మాత్రం ఆయన ఓటుతో తేలుతుంది. అంటే దయానందం గారి ఇంటిని పడగొట్టాలా వద్దా అన్న సమావేశానికి అధ్యక్షుడు దయానందం గారే.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క గదిలో కూర్చున్నారు. ఆరుగురు పెద్దలు. నన్నూ పిలిచారు. అయ్యగారు ప్రార్థన చేసి, ఇంజనీరు గారు చెప్పేది విందామన్నారు. నేను చెప్పాను. కట్టడం ఆయుష్షు తీరిందన్నాను. దూలాల పరిస్థితి ఆందోళనకరంగా ఉందన్నాను. గోడలో బీట ఉందన్నాను. గాజు పగల్లేదన్న సంగతి చెప్పలేదు.

పెద్దల్లో సుందరమ్మ గారని రిటైరైన నర్సు ఉన్నారు. రిపేరు చేయిస్తే ఆగదా అని ఆమె అడిగారు. చేయించినా గ్యారంటీ ఇవ్వలేనన్నాను. మా వృత్తిలో ఈ మాట చాలా పనికొస్తుంది. నిన్న కట్టిన ఇంటికి కూడా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. మాటలో అబద్ధం ఉండదు, వినేవాళ్ళకి మాత్రం చేరాల్సిన అబద్ధం చేరిపోతుంది.

చేతులెత్తమన్నారు. ముగ్గురు పడగొట్టమన్నారు. ముగ్గురు వద్దన్నారు.

అందరూ అయ్యగారి వైపు చూశారు. నాకు లోపల హాయిగా అనిపించింది, అది నిజం. సొంత ఇంటికి వ్యతిరేకంగా ఎవరు ఓటేస్తారు? నేను ప్రకాశరావు గారి మాట నిలబెట్టినట్టూ ఉంటుంది, ఇల్లూ ఉంటుంది అనుకున్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"ఇంజనీరు గారూ, ఒక్క మాట అడుగుతానండి. మీ పిల్లల్ని ఆ వరండాలో కూర్చోబెడతారా?"

ప్రకాశరావు గారు నన్నే చూస్తున్నారు.

"కూర్చోబెట్టనండి" అన్నాను.

అయ్యగారు తల పంకించి, పడగొట్టే వైపు తన ఓటు వేశారు. సుందరమ్మ గారికి కోపమొచ్చింది. "మీ నెత్తిన మీరే రాయి వేసుకుంటున్నారు అయ్యగారూ" అన్నారు.

"నా నెత్తిన పడేదైతే పడనిద్దునమ్మా. పిల్లలు కూర్చునే చోటు కదా" అన్నారాయన. తర్వాత తీర్మానం ఆయనే చదివి, ఆయనే సంతకం పెట్టారు. ఇంటి అద్దె భత్యం విషయం మరోసారి ఆలోచిస్తామని ప్రకాశరావు గారు అన్నారు.

ఆ తర్వాత అయ్యగారు అద్దె ఇంటి కోసం ఊరంతా తిరిగారు. మా ఊళ్ళో అద్దెకి ఇల్లు అడిగేవాళ్ళని ముందు ఏ ఉద్యోగం అని అడుగుతారు, తర్వాత మీరేమిట్లు అని అడుగుతారు. రెండో ప్రశ్న దగ్గర ఆయన పని అయిపోయేది. ఒకరోజు మా ఇంటికే వచ్చారు. మా మేడ మీద పోర్షను ఖాళీగా ఉందని ఎవరో చెప్పారట. "కాలేజీలో గ్రీకు నేర్పారండి, హీబ్రూ నేర్పారండి, అద్దెకి ఇల్లడగడం మాత్రం నేర్పలేదు" అని నవ్వుతూనే అడిగారు. మా బావమరిది వాళ్ళు వస్తున్నారని చెప్పాను. ఎవరూ రావడం లేదు. ఇంట్లో మా అమ్మకి పట్టింపులున్నాయి, అది ఒక కారణం. కానీ ఆమె మీదకి నెట్టేస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. రోజూ మెట్ల మీద ఆయన ముఖం చూడాల్సొస్తుందని భయపడ్డాను. చివరికి విస్సన్నపేట రోడ్డులో, ఊరి చివర రేకుల ఇల్లు దొరికింది వాళ్ళకి.

ఇల్లు పడగొట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. సున్నపు గోడలు జేసీబీకి ఓ పట్టాన లొంగలేదు. డ్రైవరు నన్ను చూసి, ఇదేం పడిపోయే ఇల్లు సార్, దీని దుంపతెగ అని విసుక్కున్నాడు. అయ్యగారు సైకిలు స్టాండు వేసి ఒక పక్కన నిలబడి చూస్తున్నారు. దూలాలు కిందకి దింపారు. పొడవుగా ఉన్నవాటిని లారీలో పట్టేలా అక్కడే కోశారు. కోసిన చోట కర్ర తేనె రంగులో, ఒక్క పురుగు కన్నం లేకుండా ఉంది. ఆయన వచ్చి దాని మీద చెయ్యి పెట్టారు.

"దీనికేమైందండి?"

"లోపలుంటుందండి చెద. బయటికి కనపడదు" అన్నాను. లోపలే తెరిచి మా ఇద్దరి ముందూ ఉంది.

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. సరేనండి అని సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు.

దూలాలు ప్రకాశరావు గారి గోడౌనుకి వెళ్ళాయి. నెమలి అనే ఊరి వైపు ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే మంచి ధరకి అమ్మారని తర్వాత విన్నాను. ఆ డబ్బు సంఘానికి చేరిందో లేదో నాకు తెలియదు. షాపులు లేచాయి. ప్లాను నాదే, సూపర్‌విజన్ నాదే, ఫీజు తీసుకున్నాను. అయ్యగారు అద్దె భత్యం అడిగినప్పుడల్లా, ఆయన ఓటుతోనే కదా ఇల్లు పోయింది, మేమేం చేస్తాం అని పెద్దలు అనేవారట. మెల్లగా ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. పాస్టరుకి ముందే వాటా మాట్లాడిపెట్టారని, అందుకే సొంత ఇంటి మీద ఓటేశాడని, టేకు దూలాలు అమ్ముకున్నాడని. టీ కొట్టు దగ్గర నా ఎదుటే అన్నారు. నేను టీ తాగి వచ్చేశాను.

మూడేళ్ళ తర్వాత ఆయన ఆ రేకుల ఇంట్లోంచే రిటైరయ్యారు.

పోయినేడాది నాకు యాభై దాటాయి. మా అబ్బాయి సివిల్ ఇంజనీరింగులో చేరాడు. ఒకరోజు నన్ను, పాత ఇల్లు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది నాన్నా అని అడిగాడు. సుత్తి, స్క్రూడ్రైవరు, గాజు పలక, అన్నీ వివరంగా చెప్పాను. తర్వాతి ఆదివారం ఎ.కొండూరు బస్సెక్కాను.

వాళ్ళు అమ్మగారి పుట్టింటి ఊళ్ళో ఇప్పటికీ అద్దెకే ఉంటున్నారు. దారిలోనే వాళ్ళ స్థలం కనిపించింది. పునాది లేచి ఆగిపోయింది. పిల్లర్ల కోసం వదిలిన చువ్వలు తుప్పు పట్టి వంగిపోయాయి. మధ్యలో ఎవరివో మేకలు కట్టేసి ఉన్నాయి. పూడ్చకుండా వదిలేసిన మూల చూస్తే, లోతు మాత్రం నేను చెప్పినట్టే తవ్వించారు.

అయ్యగారు చిక్కిపోయారు. గుర్తుపట్టి కుర్చీ వేశారు. నేను ఉన్నదంతా చెప్పాను. దూలాలు, గాజు, ప్రకాశరావు గారు, మా మేడ మీద పోర్షను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"దూలం కోసిన రోజే తెలుసండి నాకు. క్షమించమని వచ్చారు కాబట్టి క్షమిస్తాను. అది నా పని, ఇన్నేళ్ళూ దానికే జీతం తీసుకున్నాను. మా ఆవిణ్ణి మాత్రం అడక్కండి. ఆమెకెవరూ జీతమివ్వలేదు."

లోపల మిషను చప్పుడు ఆగింది. అమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. గొంతు పెంచలేదు.

"ఇక్కడికొచ్చి చెబితే ఏం లాభమండి? మాకు తెలియంది కాదు. తిరువూరులో ఈయన్ని ఇంకా దూలాలమ్ముకున్న పాస్టరనే అంటున్నారు. సుందరమ్మ గారు కూడా అదే నమ్మి చనిపోయారు. అక్కడ చెప్పండి."

ఆ మాట అని మళ్ళీ లోపలికెళ్ళిపోయారు. మిషను మళ్ళీ మొదలైంది. నేను మంచినీళ్ళు అడగాలనుకుని అడగలేక లేచాను.

తిరువూరు వచ్చాక ఇప్పటి పెద్దల్ని కలిశాను. అయిపోయినదాన్ని ఇప్పుడు కెలకడమెందుకండి, షాపుల మీద కేసులవుతాయి అన్నారు. ప్రకాశరావు గారు ఫోను ఎత్తడం మానేశారు. నాకు పనులు తగ్గాయి. అది నాకు అన్యాయమని చెప్పుకోలేను.

ఇన్నేళ్ళ పనిలో నాకర్థమైంది ఇంతే. ఇంజనీరు మాటని నమ్మి ఓటేసినవాడు తప్పు చేసినట్టు కాదు. ఇంటి గురించి మనం చెప్పే మాట చివరికి అందులో ఉండే మనుషుల మీద పడుతుంది. పడ్డాక తీయడానికి ఏ జేసీబీ పనికిరాదు. ఇప్పుడు ఏ పాత ఇల్లు చూసినా, అందులో కాపురముండేవాళ్ళని నిలబెట్టి, సుత్తి వాళ్ళ చేతికే ఇచ్చి, వాళ్ళనే కొట్టి వినమంటున్నాను.

కాబట్టి తిరువూరు వాళ్ళకి చెబుతున్నాను. దయానందం గారు దూలాలు అమ్ముకోలేదు. ఆయనకి వాటా ఎవరూ ఇవ్వలేదు. పిల్లల మీద కప్పు కూలుతుందని నేను చెబితే, నమ్మి, తన ఇల్లు తనే వదులుకున్నారు. ఆ ఇల్లు గట్టిది. ఆ సంగతి ఆ రోజు ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.