నేను చూడని దర్శనం

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడమంటే బరువుగా ఉండాలి కదా. మొదట్లో లేదు. మొదట్లో అది నాకు పేరు తెచ్చింది. మందిరంలో ముందు వరసలో చాప వేయించింది, చిన్నా పెద్దా అందరిచేతా "పెద్దక్కా" అని పిలిపించింది. బరువు తర్వాత తెలిసింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఎరిగినవాళ్లలో ఒక్కరికీ చెప్పలేకపోయాను. మా ఆయనకి కూడా. ప్రార్థనలో దేవుడికైనా చెప్పావా అని మీరు అడగవచ్చు. ఆయనకి తెలుసులే అని దాటేస్తూ వచ్చాను.

పోయిన ఆదివారం పాస్టరుగారి కోడలు నా చేయి పట్టుకుంది. శనివారం ఆడపిల్లల కూడిక పెడుతున్నారట. కాలేజీలకీ ఆఫీసులకీ వెళ్లే పిల్లలట. ఈ రోజుల్లో క్రైస్తవ స్త్రీ ఎలా ఉండాలో వాళ్లకి నేను చెప్పాలట. "సలోమి ఆంటీ గురించి మీకొచ్చిన దర్శనం తప్పకుండా చెప్పండి ఆంటీ, పిల్లలకి గుర్తుండిపోతుంది" అంది. సరేనన్నాను. ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా మంచం మీద కూర్చుండిపోయాను. మళ్లీ చెప్పాలా? ఇది ఎన్నోసారి?

మాది మేడ్చల్. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఉండేది మా మందిరం. తొంభైల మధ్యలో సంగతి. మా ఆయన జీడిమెట్లలో ఒక కంపెనీలో ఫిట్టరు. మా మందిరంలో ఆడవాళ్ల పద్ధతులు గట్టివి. బాప్తిస్మం తీసుకున్నాక బొట్టు, పూలు, కమ్మలు, గాజులు అన్నీ తీసేయాలి. కూడికకి తెల్లచీర కట్టుకోవాలి. తల మీద కొంగు జారకూడదు. మగవాళ్లున్న చోట గొంతు లేవకూడదు. గురువారం మధ్యాహ్నం మాత్రం ఆడవాళ్లం విడిగా కూడుకునేవాళ్లం. అక్కడ పాడొచ్చు, ప్రార్థన చేయొచ్చు, వాక్యం చెప్పుకోవచ్చు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. కళ్లు మూసుకుని ప్రార్థిస్తుండగా ఎవరికైనా దర్శనం కలిగితే లేచి చెప్పాలి. దాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు. ఎవరి గురించి చెబితే వాళ్లు మూడు రోజులు ఉపవాసముండి దానికి లోబడాలి. దర్శనమని చెప్పి అబద్ధమాడేవాళ్లు ఉంటారని మాలో ఎవరికీ తోచలేదు. నాకు తోచింది.

సలోమి సూరారం నుంచి మా వీధిలోకి అద్దెకొచ్చింది. పాతికేళ్లుంటాయేమో. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. తను ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసేది. జ్యోతి అని నాలుగేళ్ల కూతురు. ఆ పిల్లని ముందు నిలబెట్టుకుని, తెల్లచీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని, లూనా బండి మీద కూడికకి వచ్చేది. పకపకా నవ్వేది. పాడితే రేకులు అదిరేవి. అదంతా పెద్ద విషయం కాదు, గొంతున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. వాక్యం చెప్పడం మొదలుపెడితే మాత్రం నేను చాప అంచు పీకుతూ కూర్చునేదాన్ని. మొగుడు కొట్టినదానికీ, పిల్లలు పుట్టనిదానికీ, ఎవరికి కావలసిన మాట వాళ్లకి ఆమె నోట దొరికేది. మా మతం కాని ఆడవాళ్లు కూడా కూరగాయల సంచులు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి వినేవాళ్లు. అంతకుముందు గురువారాలు వాక్యం చెప్పింది నేను. ఎనిమిదేళ్లు చెప్పాను. గుమ్మంలో ఎవరూ ఆగలేదు.

అసూయ అని ఒక్క మాటలో తేల్చేస్తే మీరు నమ్మేస్తారు, నాకూ సులువు. కానీ అంతేనా? చిన్నప్పుడు నేనూ గట్టిగా పాడేదాన్ని. పన్నెండేళ్లప్పుడు ఒక ఆదివారం, పాట మధ్యలో, మా నాయిన అందరిముందూ అన్నాడు: "గా గొంతేందే, మొగపోరని లెక్క?" పక్కనున్న అమ్మ నా తొడ మీద గిచ్చింది. ఆ రోజు నుంచి గొంతు తగ్గించాను. తర్వాత నవ్వు తగ్గించాను, నడక తగ్గించాను, పెళ్లయ్యాక అన్నం కూడా తగ్గించాను. తగ్గించుకుంటూ పోవడమే ఆడతనమని, అదే దేవుడికి ఇష్టమని నమ్మాను. అంత కష్టపడి నేను వదులుకున్నవన్నీ ఈ పిల్ల ఎవరినీ అడక్కుండా తన దగ్గరే ఉంచుకుంది. దేవుడు దాన్ని ఏమీ అనలేదు. పైగా నాకంటే దానికే దగ్గరగా ఉన్నట్టు కనిపించాడు. మరి నన్ను అవన్నీ అడిగింది దేవుడేనా, లేక మా నాయినా? ఆ అనుమానం వచ్చిన రోజు నుంచి సలోమిని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

శామీర్‌పేట చెరువులో బాప్తిస్మాలు జరిగిన తర్వాతి గురువారం అది. సలోమి ప్రార్థన చేస్తోంది. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. నాకేమీ కనిపించలేదు. ఇది స్పష్టంగా రాయాలి. కళ్లు మూసుకుంటే ఎవరికైనా ఉండే మామూలు చీకటి తప్ప ఏమీ లేదు. అయినా లేచి నిలబడ్డాను.

"ప్రభువు నాకు చూపెట్టిండు" అన్నాను. "శామీర్‌పేట చెరువు. ఒడ్డు మీద తెల్లచీరల ఒక ఆడమనిషి అటు మళ్లి నిలబడ్డది. జుట్టు తడిసి నీళ్లు కారుతున్నయ్. నేను పిలిచిన. ఇటు మళ్లింది. మొఖం మన సలోమిదే. నోరు లేదు."

నోరు ఉండవలసిన చోట అరచేయిలా నున్నగా ఉందని కూడా చెప్పాను. ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చింది? ముందుగా అనుకున్నది కాదు. చెబుతుంటే నా చేతుల మీద రోమాలు లేచాయి. ఏడుస్తున్న ఆడవాళ్లు టక్కున ఆగిపోయారు. అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆపలేదు. ఈ మనిషి నోరు మూసుకోకపోతే ఇంట్లో పసిదానికి కీడు జరుగుతుందని కలిపాను. జ్యోతి అప్పుడు తల్లి ఒడిలో బొటనవేలు చప్పరిస్తూ నిద్రపోతోంది.

అందరూ వెళ్లిపోయాక సలోమి చాపలు చుడుతూ ఉండిపోయింది. చివరి చాప చుట్టి గోడకి ఆనించి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నిజంగ చూసినవా?"

"చూసిన."

"పిల్లకు కీడని గూడ చూపెట్టిండా?"

"గది నా మాట కాదు, సలోమీ."

ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. కోపం లేదు. నన్ను పూర్తిగా నమ్ముతోంది, అంతే.

"నువ్వు అబద్ధమాడవు అక్కా" అంది. "ఎన్ని దినాలు మూసుకోవాలె?"

ఆ చూపు తప్పించుకుంటే చాలనిపించింది. "చూపెట్టింది జరిగేదాంక" అని చెప్పులు వేసుకున్నాను.

మూడు రోజులు ఉపవాసముంది. నాలుగో రోజు నుంచి మాట్లాడలేదు. గురువారాలు నోరు తెరవదు, నా చోటు నాకు తిరిగొస్తుంది, నేను కోరుకున్నది అంతవరకే. ఆమె అసలు మాట్లాడటమే మానేసింది. కూరగాయల దుకాణంలో వేలితో చూపించేది. జ్యోతిని పిలవాలంటే ఒకసారి చప్పట్లు, అన్నానికి రెండుసార్లు. లూనా అమ్మేసింది. భర్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు. కొన్నాళ్లు అరిచాడు, తర్వాత అలవాటుపడ్డాడు. ఇల్లు ప్రశాంతంగా ఉందని మా ఆయనతో అన్నాడట.

మందిరంలో ఆమెని ఎంత మెచ్చుకున్నారో చెబితే మీరు నమ్మరు. సాత్వికురాలంటే ఇలా ఉండాలని పాస్టరుగారు ప్రసంగంలో చెప్పారు. పక్క ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకి ఆమెని చూపించేవారు. ఆమె తల వంచుకుని కూర్చునేది. పక్కన నేను. దర్శనం కథ చెప్పమని నన్ను చాలాచోట్ల ఆడవాళ్ల కూడికలకి పిలిచారు. వెళ్లాను, చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం చేర్చాను. ఒకసారి నీళ్ల రంగు. ఒకసారి ఒడ్డున మూడు కొంగలు.

అప్పుడు మొదలైంది.

చీకట్లో భయపడే మనిషిని కాను నేను. పట్టపగలు కనిపించేది. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే స్టీలు పళ్లెంలో నా వెనక ఎవరో తెల్లగా నిలబడి ఉన్నారు. తిరిగి చూస్తే లేరు. తర్వాత బీరువా అద్దంలో కనిపించింది. ఎప్పుడూ వీపే. జుట్టు తడిసి వీపుకి అంటుకుని ఉండేది. ఇటు తిరుగుతుందేమోనని నేను చూపు తిప్పుకునేదాన్ని. మందిరంలో అప్పుడప్పుడూ వెనక కూర్చునేదాన్ని, అది మానేశాను. వెనక నుంచి చూస్తే ముప్పై మంది ఆడవాళ్లూ ఒకేలా ఉంటారు, ముప్పై తెల్లకొంగులు. వాళ్లలో ఒకరు తిరిగితే? బీరువా ముందు నేల కొన్నిసార్లు తడిగా ఉండేది. తుడిచేదాన్ని. ఆ గదిలో కుళాయి లేదు.

పదేళ్లు గడిచాయి. జ్యోతికి పద్నాలుగేళ్లొచ్చాయి, బాప్తిస్మం ఇప్పిస్తామన్నారు. మళ్లీ అదే శామీర్‌పేట చెరువు. ఒడ్డున తువ్వాళ్లు అందించడం నా పని. పిల్లకి నీళ్లంటే భయం. దిగనని మొరాయిస్తే సలోమి కూడా దిగి చేయి పట్టుకుంది. కాలు జారి తల్లి కూడా మునిగి లేచింది. జ్యోతిని ఆడవాళ్లు బట్టలు మార్పించడానికి తీసుకెళ్లారు. నేను రెండో తువ్వాలు పట్టుకుని సలోమి వైపు నడిచాను.

ఆమె నీళ్ల వైపు తిరిగి నిలబడి ఉంది. తెల్లచీర. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమెకి అవతల, ఒడ్డున, మూడు కొంగలు.

అక్కడే ఆగాను. పిలవకూడదనుకున్నాను. నేను చెప్పిన కథలో పిలిచేది నేనే కదా. పిలవకపోతే ఆగిపోతుంది. పిలవకూడదు, పిలవకూడదు అనుకుంటూనే ఉన్నాను.

"సలోమీ" అన్నాను.

తిరిగింది. నోటికి అడ్డంగా తడికొంగు పట్టుకుని ఉంది. దగ్గరికి వచ్చి కొంగు దించింది. నోరు ఉంది. ఉందో లేదోనని నేను నిజంగా చూశాను. పెదవులు కదిలాయి. ఎన్నేళ్లుగానో తీయని తలుపు తీసినట్టు, కిర్రుమంటూ వచ్చింది గొంతు.

"అక్కా, గప్పుడు నువ్వు చూసింది గిదేనా? అయిపోయిందా? ఇగ మాట్లాడొచ్చా?"

పదేళ్లుగా ఆమె దీనికోసం ఎదురుచూసింది. నేను చెప్పులు వేసుకుంటూ అన్న ఒక్క మాటని పట్టుకుని, చూపించినది జరిగితే చాలని, ఆ రోజు వస్తుందని ఎదురుచూసింది. అయిపోయింది అంటే సరిపోయేది. అది మరో అబద్ధమే, అయినా ఆమెకి నోరొచ్చేది. నేనేమీ చూడలేదని నిజం చెప్పినా నోరొచ్చేది. రెండిట్లో ఒక్కటీ నా నోట రాలేదు. ఒడ్డున వందమంది ఉన్నారు. నాకు సిగ్గు. కానీ అది ఒక్కటే కాదు, ఇక్కడిదాకా వచ్చాక దాచను. మాట్లాడొచ్చంటే ఈమె మళ్లీ గురువారం లేచి నిలబడుతుందా అన్న ఆలోచన నాకు వచ్చింది. ఆ నీళ్ల ఒడ్డున, ఆ గొంతు విన్నాక కూడా వచ్చింది. మొదటిసారి ఒళ్లు మండి చేశాను. రెండోసారి అన్నీ తెలిసి చేశాను.

తువ్వాలు ఆమె తల మీద కప్పాను. ఏమీ అనలేదు. ఆమె కాసేపు చూసి, ఇంకా కాలేదని అర్థం చేసుకుంది. కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఏడే దూలపల్లి వైపు ఇల్లు మారిపోయారు. ఇప్పటికీ మాట్లాడదని చూసినవాళ్లు చెప్పారు. జ్యోతి కూడా అడిగితేనే మాట్లాడుతుందట, అదీ నోటికి చేయి అడ్డం పెట్టుకుని.

శనివారం వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి కిందటేడు నన్ను అడిగింది: "గొంతు ఇచ్చింది దేవుడే గద ఆంటీ, మరి ఎందుకు దాయాలె?" పెద్దవాళ్లకి ఎదురుచెప్పకూడదని కసిరాను. ఆ పిల్లకి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. స్త్రీత్వమంటే ఏమిటో చెప్పగలదాన్నని ఇన్నేళ్లు మైకు పట్టుకున్నాను. నాకు తెలిసిందల్లా మా అమ్మ గిచ్చిన చోటు. ఆ నొప్పినే దేవుడి పేరుతో ఇంకొకరికి అందించాను.

మీరు క్షమించాలని రాయడం లేదు. మీరు క్షమించగలిగే తప్పు కాదు. దూలపల్లి ఇక్కడికి దూరమేమీ కాదు, ఆటోలు తిరుగుతూనే ఉంటాయి, అయినా నేను ఇంతవరకూ వెళ్లలేదు. అది కూడా రాసి ఉంచాలి.

ఇందాక, ఇక్కడిదాకా రాశాక, లేచి బీరువా ముందు నిలబడ్డాను. అద్దంలో ఆమె వీపు ఉంది. ఈసారి చూపు తిప్పుకోలేదు. "సలోమీ, నేనేం చూడలే" అన్నాను. పైకే అన్నాను. వంటింట్లో ఉన్న మా ఆయన "ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అని అడిగాడు. అంత గట్టిగా అన్నానని అప్పుడు తెలిసింది. మొగపోరని లెక్క ఉంది గొంతు. పన్నెండేళ్లప్పటిది.

ఆమె పోలేదు, తిరగనూ లేదు. నేల తడిగానే ఉంది. నేను తుడవలేదు. అక్కడే నిలబడి ఇంకోసారి అన్నాను, ఈసారి మా ఆయనకి కూడా వినిపించేలా.

"నేనేం చూడలే."