రెండు-ఆరు మద్దిలేటి

మద్దిలేటి ముందు మీ చెయ్యి చూస్తాడు. మొహం తర్వాత, తీరికుంటే చూస్తాడు. చెయ్యి చూడ్డమంటే జాతకం చెప్పడానికి కాదు. మీ నాలుగు వేళ్లనూ దగ్గరికి చేర్చి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మెటికల దగ్గర ఒక్క ఒత్తు ఒత్తి, "రెండు ఆరు" అనో "రెండు ఎనిమిది" అనో తేల్చేస్తాడు. అవి గాజుల కొలతలు. ఆ కొలత తేలితే గానీ ఆయన దుకాణంలో వీడియో గేమ్ కంట్రోలర్ ఎవరి చేతికీ రాదు. మీరు ఎవరైనా సరే, ఎంత తొందరలో ఉన్నా సరే.

వనపర్తి బస్టాండు వెనక సందులో ఉంది ఆ దుకాణం. ముందు సగం గాజులు, తల్లి అమృతమ్మది. పరదా దాటితే వెనక సగం గేములు, కొడుకు మద్దిలేటిది. వీళ్లది గద్వాల వైపు నుంచి గాజుల మూట, అదే మలారం, భుజానేసుకుని ఊరూరా తిరిగిన కుటుంబం. మద్దిలేటి పదేళ్లకే కళ్లు మూసుకుని కొలత చెప్పేవాడట. "గాజు పలిగితే పలగనియ్యి, చెయ్యి నొయ్యొద్దు" అని తల్లి నేర్పిన పాఠం ఒక్కటే ఆయన చదువు.

ఆయన దగ్గర మూడు రకాల కంట్రోలర్లున్నాయి. కంపెనీ పేర్లు ఆయన పలకడు. తెల్లది, నల్లది, చిన్నది. తెల్లదానికి బొటనవేళ్లతో తిప్పే రెండు స్టిక్కులూ కింద పక్కపక్కనే ఉంటాయి. నల్లది కాస్త పెద్దది, దానికి ఎడమది పైన, కుడిది కింద. చిన్నది రెండు ముక్కలుగా ఊడొస్తుంది, చేతికొకటి. వీటిలో ఏది హాయి అని ఎవరైనా అడిగితే అరగంట చెబుతాడు. ఎవరూ అడక్కపోతే గంట చెబుతాడు.

"తెల్లది పట్టు. రెండు బొటనవేళ్లు ఎదురుబొదురు గూసున్నయి, పంచాయితి చెప్పనీకె గూసున్నట్టు. ఇగ నల్లది పట్టు. ఒకటి అరుగు మీద, ఒకటి అరుగు కింద. ఏది సుఖం?"

"ఏదైతేంది అన్నా, గోల్ గొట్టాలె గద," అంటాడు ఆడడానికొచ్చిన కుర్రాడు.

"గోల్ తర్వాత. ముందుగాల మోచెయ్యి కిందికి దించు."

జితేందర్ ఈ దుకాణానికి వచ్చింది పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో వదిలేసిన వారానికి. ఒకచోట పది నిమిషాలు కూర్చోలేడు, నోటికొచ్చిన మాట ఆపుకోలేడు. అలాంటివాడు కూడా మొదటిరోజే మద్దిలేటి దగ్గర ఓడిపోయాడు.

"తెల్లదియ్యి అన్నా."

"చెయ్యి ఇయ్యి."

"ఎందుకు?"

"ఇయ్యి జర." ఒత్తాడు. ఇంకోసారి ఒత్తాడు. "నొస్తుందా?"

"ఏం లేదు."

"రెండు ఎనిమిది. నల్లది పట్టు."

"నాకు తెల్లదే అలవాటు."

"అలవాటైతే సుఖమున్నట్టా? ఆ చెప్పులు గూడ నీకు అలవాటే. మడిమ చూస్కో, ఎట్ల పలిగిందో."

జితేందర్ మడిమ చూసుకున్నాడు. నిజంగానే పగిలి ఉంది. నోరు మూసుకుని నల్లది తీసుకున్నాడు. రెండేళ్లయింది, మళ్లీ తెల్లదాని జోలికి పోలేదు. ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే, "ఆయన పిచ్చికి ఎవడు అడ్డమొస్తడు" అనేవాడు.

ఆ పిచ్చి దుకాణంతో ఆగేది కాదు. ఒకసారి కొత్త ఎస్సై సందులోకి వచ్చి, గేములు ఎన్నింటికి మూస్తున్నారని అడుగుతూ మర్యాదకు చెయ్యి చాచాడు. మద్దిలేటి ఆ చెయ్యి వదల్లేదు. నిమిషమైంది. వెంట వచ్చిన కానిస్టేబుల్ దగ్గాడు.

"రెండు పది సార్," అన్నాడు మద్దిలేటి చివరికి. "లాఠీ సన్నగైంది మీకు. పిడికిలి బిగిస్తే గోర్లు అరచేతికి గుచ్చుకుంటున్నయి. జర రబ్బరు చుట్టించుకోండ్రి."

ఎస్సై తన అరచెయ్యి చూసుకున్నాడు, లాఠీ చూసుకున్నాడు, వెళ్లిపోయాడు. పదిహేను రోజుల తర్వాత చూస్తే లాఠీకి పిడి దగ్గర నల్ల రబ్బరు. కోడేరు బస్సు కండక్టర్ పెంటయ్య సంగతీ అంతే. టికెట్ మిషన్ పట్టుకునే తీరు బాగాలేదని, నడుస్తున్న బస్సులో మద్దిలేటి దాని పట్టీని విప్పి మళ్లీ కట్టాడు. మూడు స్టాపులు దాటేదాకా ఒక్కరికీ టికెట్ కొట్టలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. నవ్వనిది అమృతమ్మ ఒక్కతే. కొడుక్కి ముప్పై ఆరొచ్చాయి. మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఒకచోట ఈయన కాబోయే మామకు చేతికర్ర మార్చుకోమని చెప్పాడు. ఇంకోచోట పిల్ల మేనమామ చెయ్యి వదలకుండా అన్నం చల్లారేదాకా కూర్చున్నాడు. ఇప్పుడు కోడేరు నుంచి నాలుగో సంబంధం వచ్చింది. పిల్ల పేరు ఉమారాణి. ముప్పై రెండేళ్లు. జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఇదీ తప్పితే ఇక తిరగలేనని అమృతమ్మ మోకాళ్లు పట్టుకుని చెప్పేసింది.

బయల్దేరే ముందు జితేందర్‌ను పక్కకు పిలిచింది.

"బిడ్డా, వాని రెండు చేతులు నీ జిమ్మ."

"అంటే అమ్మా?"

"పక్కనే గూసో. చెయ్యి లేస్తే పట్టుకో. అంతే. ఆ ఇంట్ల ఎవ్వరి చెయ్యి ముట్టొద్దు వాడు."

జితేందర్ జీవితంలో ఎవరూ వాడికి ఇంత పెద్ద బాధ్యత అప్పగించలేదు.

కోడేరులో పిల్ల తండ్రి అనంతయ్య పల్లీ రైతు. నెమ్మదైన మనిషి. అన్న జగదీశ్ ట్రాక్టర్ నడుపుతాడు. అతను నెమ్మది కాదు.

"ఏం పని జేస్తరు మీరు?" అన్నాడు జగదీశ్.

"గేములాడిపిస్త."

"అంటే, పత్తాలాట లెక్కనా?"

"కాదు కాదు, టీవీల." మద్దిలేటి మొహం వెలిగింది. జితేందర్ ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన అప్పటికే ముందున్న రెండు స్టీలు గ్లాసుల్ని పక్కపక్కన పెట్టాడు. "గివి తెల్లదాని స్టిక్కులు అనుకోండ్రి. ఇప్పుడు చూడండ్రి." ఎడమ గ్లాసు కింద బిస్కెట్ పాకిట్ పెట్టి లేపాడు. "గిది నల్లది. బొటనవేలికి ఎంత తేడా వచ్చిందో తెల్సిందా?"

అనంతయ్య గ్లాసుల్ని చాలాసేపు చూశాడు. "మంచిగుంది గాని... పొలమేమన్న ఉన్నదా?"

"పొలం లేదు. కంట్రోలర్లు ఎనిమిదున్నయి."

జితేందర్ మద్దిలేటి కుడిచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. అప్పుడే ఉమారాణి చాయ్ కప్పుల పళ్లెంతో వచ్చింది. ఒక్కో కప్పూ తీసి ఇస్తోంది. జితేందర్‌కూ ఇచ్చింది. కప్పు అందుకోవాలంటే చెయ్యి కావాలి కదా. వాడు వదిలింది ఒక్క క్షణమే.

తిరిగి చూసేసరికి ఉమారాణి చెయ్యి మద్దిలేటి చేతిలో ఉంది. నాలుగు వేళ్లూ చేర్చాడు, బొటనవేలు మడవబోయి ఆగాడు.

"రెండు నాలుగు," అన్నాడు మెల్లగా. "బొటనవేలు మొదట్ల వాచింది. ఏం కత్తెరతోని కత్తిరిస్తున్నరు?"

ఇల్లంతా గోల లేచింది.

"చెయ్యి పట్టుకున్నడు! నాయినా, నీ ముంగటనే చెల్లె చెయ్యి పట్టుకున్నడు!" జగదీశ్ కుర్చీ తన్నాడు.

"అయ్యో, మాది గాజుల వృత్తి నాయినా," అమృతమ్మ అడ్డం పడింది. "దినాం యాభై చేతులు పడ్తం. ఎవ్వరన్న ఏమన్న అంటరా?"

"గాజులాయన లెక్కనైతే మలారం తెచ్చుకొని రమ్మను. పెండ్లికొడుకు లెక్కనైతే చేతులు దగ్గర పెట్టుకొమ్మను. రెంటి నడుమ ఏంది ఈ కథ?"

న్యాయమైన ప్రశ్నే. గాజులతను చెయ్యి పట్టుకుంటే ఏ ఇంట్లోనూ తప్పు లేదు. అదే చెయ్యిని పెళ్లికొడుకు ముహూర్తం దాకా ముట్టకూడదు. రెండూ తానే అయిన మనిషి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆ గోలలో ఉమారాణి మాత్రం చెయ్యి వెనక్కి లాక్కోలేదు. తన బొటనవేలి వైపే చూస్తూ, "ఆరు నెలలైంది," అంది. జితేందర్ పక్కనే ఉన్నాడు కాబట్టి వాడికి వినబడింది.

తిరుగు దారిలో ఆటోలో అమృతమ్మ ఒక్క మాటే అంది. "ఇగ ఆ రిమోట్‌నే లగ్గం చేస్కో."

ఆమె దిగిపోయాక జితేందర్ అందుకున్నాడు. "అన్నా, నీకు అకల్ ఉందా? ముసలామె మోకాళ్లు పట్టుకుని తిరుగుతుంటే నీకు కొలతలు కావాల్సొచ్చెనా?"

"కప్పు ఎట్ల పట్టిందో చూసినవా? నాలుగు వేళ్లతోని. బొటనవేలు ఆనియ్యలే."

"అయితే అడుగు. నోరు లేదా?"

"అడిగితే ఏం లేదంటరు తమ్మీ. అందరు గట్లనే అంటరు. నువ్వేమన్నవ్ మొదటి రోజు?"

"నేనేమన్నా?"

"ఏం లేదన్నవ్. నీ కుడి బొటనవేలు మడతపడ్తలేకుండె. యాడనో దినమంత ఆడి ఆడి బిగుసుకపోయింది. అందుకే ఆ వేలిమీద బరువు పడకుండ లావు పిడి ఉన్న నల్లదిచ్చిన." మద్దిలేటి తల గోక్కున్నాడు. "కొలత అంటే చెయ్యిస్తరు. నొప్పి చూస్త అంటే ఇయ్యరు. ఏం చెయ్యాలె మరి?"

జితేందర్ బొటనవేలిని మడిచాడు. తెరిచాడు. మళ్లీ మడిచాడు. ఎక్కడా నొప్పి లేదు. ఆ వేలితోనే పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ గీతలు గీయలేక తిట్లు తిన్నాడు. ఆ సంగతి వాడు ఇంట్లో కూడా చెప్పలేదు.

ఎనిమిది రోజులు వెనక గదిలో గేములు సగమే నడిచాయి. మద్దిలేటి ఒక టైలరింగ్ కత్తెర కొనుక్కొచ్చి దాంతో కుస్తీ పట్టాడు. పాడైపోయిన కంట్రోలర్ల మెత్తటి రబ్బరు ఒలిచి పిడికి చుట్టాడు. బొటనవేలు దూరే రంధ్రాన్ని పెద్దది చేయించాడు. వచ్చిన ప్రతివాడితో పాత లుంగీ ముక్క కత్తిరింపించాడు. రెండు ఎనిమిది చేతులవాళ్లను, "మీది పనికిరాదు, పోండ్రి," అని వెళ్లగొట్టాడు. చివరికి ఒక చీటీ రాసి, కత్తెరతో పాటు కట్టి, పెంటయ్య బస్సులో కోడేరు చేరే ఏర్పాటు చేశాడు.

చీటీ జితేందర్ చదివాడు. "బొటనవేలు లోపలిదాకా దూర్చవద్దు. గంటకొకసారి పని ఆపి చెయ్యి విదిలించాలి. పదిహేను రోజుల్లో తగ్గకుంటే దవాఖానకు పోవాలి. ఇట్లు, మద్దిలేటి."

"ఇదేందన్నా? ఒక్క మంచిమాట రాయొచ్చు గద."

"గిది మంచిమాట కాదా?"

కోడేరు నుంచి జవాబు రాలేదు. అమృతమ్మ కొడుకుతో మాట్లాడటం లేదు. ఇరవై రోజులు గడిచాయి. ఒక ఆదివారం పదకొండింటికి సందు మొదట్లో మోటర్‌సైకిల్ ఆగింది. జగదీశ్ దిగాడు. లోపల ఆడుతున్న ఇద్దరు కస్టమర్లు పరదా సందులోంచి ఆ మొహం చూసి, ఆట మధ్యలోనే వెళ్లిపోయారు. జితేందర్ మాత్రం పరదా ముందు నిలబడ్డాడు. ఈసారి మద్దిలేటి చేతులు కాదు, ఎముకలు కాపాడాల్సొచ్చేలా ఉంది.

జగదీశ్ వెనక నుంచి ఉమారాణి దిగింది.

"నాకేం తెల్వదు," అన్నాడు జగదీశ్ చేతులు కట్టుకుని. "గాజులు కావాలన్నది. తోల్కొచ్చిన."

"దా బిడ్డా, గూసో," అంది అమృతమ్మ. కొలత చూడబోయి ఆగింది. ఒక్క క్షణం ఆలోచించింది. "నాకు కండ్లు మసకలయినయి. ఒరే మద్దిలేటీ! గిరాకీ వచ్చింది, జర చెయ్యి చూడు."

అమృతమ్మవి ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించే కళ్లు. మద్దిలేటి వచ్చి, జగదీశ్ వైపు ఒకసారి బెదురుగా చూసి, చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు ఈసారి పూర్తిగా మడతపడింది.

"తగ్గింది," అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడంటే, గాజుల సంగతి మరిచిపోయాడు.

"కత్తెర మంచిగుంది," అంది ఉమారాణి. "మీరు గ్లాసులతోని చూపెట్టినవి యాడున్నయి?"

పరదా తీశారు. ఆయన చిన్నదాన్ని తీసి తుడిచి ఇచ్చాడు. "రెండు నాలుగు చెయ్యికి గిదే."

ఆమె చిన్నది పట్టింది. తెల్లది పట్టింది. నల్లది పట్టి, దింపలేదు. "నాకు గిది బాగుంది."

"గది నీకు పెద్దదైతది!"

"పెద్దదైతేనే కావాలె. పొద్దుగాల నుంచి సూది పట్టి వేళ్లు ముడుచుకొనే ఉంటయి. ఇంత చిన్నది పట్టి మళ్ల ముడుచుకోవాల్నా? దీనిమీద చాచుకుంటున్నయి. మీరు కొలత చూసిన్రు. పని చూడలే."

పదకొండేళ్ల దుకాణంలో మద్దిలేటి తీర్పు తప్పని చెప్పినవాళ్లు లేరు. ఆయన నల్లదాన్ని చూశాడు, దానిమీద చాచుకున్న వేళ్లను చూశాడు. తర్వాత ఆయన, జితేందర్ రెండేళ్లలో చూడని పని ఒకటి చేశాడు. తలెత్తి ఆమె మొహం చూశాడు. చాలాసేపే చూశాడు.

"అవ్ గదా," అన్నాడు. "పని గూడ అడగాలె. ఇన్నేండ్లు ఈ ముచ్చట నాకెందుకు తట్టలే?"

ఉమారాణి నవ్వింది. గుమ్మంలో జగదీశ్ గొంతు సవరించుకున్నాడు. కట్టుకున్న చేతులు విప్పాడు. రెండడుగులు లోపలికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా కుడిచెయ్యి ముందుకు చాచాడు.

"దుక్కి దున్నొచ్చినంక ఈ చెయ్యి పిడికిలి పడ్తలేదు. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. జర నాది గూడ చూడు, బావా."

ఆ చివరి మాట ముందు గదిలో ఉన్న అమృతమ్మకు వినబడింది. జితేందర్‌కు వినబడింది. ఉమారాణి చెవులు ఎర్రబడ్డాయి. వినబడనిది మద్దిలేటి ఒక్కడికే. ఆయన అప్పటికే మెటికలు ఒత్తుతున్నాడు.